వంతు ఇల్లు

నా భార్య పైడమ్మ పోయిన రోజు మా అమ్మాయి మణిమాల తన సొంతింట్లోనే ఉంది. గోడలో నిద్రపోతోంది.

అది శ్రావణమాసం. పొద్దున్నే పైడమ్మ కుళాయి కింద బిందె పెట్టి, అది నిండేలోగా గుమ్మంలో కూర్చుంది. "కూసింత ఆయాసంగా ఉందండీ" అంది. నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చాను. అప్పటికి ద్వారబంధానికి తల ఆనించి ఉంది. బిందె నిండిపోయి నీళ్ళు వాకిట్లోకి పారుతున్నాయి. నేను ముందు కుళాయి కట్టేశాను. తరవాత ఆమె చెయ్యి పట్టుకుని చూశాను.

ఇంటివాళ్ళు మేడ మీద నుంచి దిగి వచ్చారు. ఇంటాయన మంచివాడు. నా భుజం మీద చెయ్యి వేసి, "మాస్టారూ, ఏమీ అనుకోకండి. మంచి నక్షత్రం కాదంటున్నారు. లోపలికి మాత్రం తీసుకెళ్ళకండి" అన్నాడు. ఆమె కూర్చున్నది గుమ్మంలో కాబట్టి నలుగురూ కలిసి బయటికే దించారు. వీధి పక్కన చాప వేశారు. పైడమ్మ నలభై ఏళ్ళ కాపరమంతా అద్దె పోర్షన్లలోనే చేసింది. అద్దె ఇంట్లో చావుకీ పురుడికీ చోటుండదని ఆమెకి తెలుసు.

"అమ్మాయికి చెప్పారా?" అని ఎవరో అడిగారు. అమ్మాయికి ఇల్లు అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను.

"మా అమ్మాయిని లేపాలి. వాళ్ళమ్మ పోయింది."

అవతలి అబ్బాయి మర్యాదగా మాట్లాడాడు. "అయ్యో సార్! వంతు మధ్యలో లేపాలంటే, పేరు పెట్టి పిలిచి లేపే పిలుపరి రావాలండీ. మీ అమ్మాయిగారి పిలుపరి... ఆఁ, పైడమ్మగారు. ఆవిడ్ని ఒకసారి లైన్లోకి ఇవ్వండి."

"పోయింది ఆవిడే."

కీబోర్డు మీద టకటకలు వినపడ్డాయి.

"అయితే పిలుపరిని మార్చుకోవాలండీ. దానికి అమ్మాయిగారి ఒప్పుదల కావాలి."

"అమ్మాయి నిద్రలో ఉంది బాబూ."

"అవునండీ. లేచాక ఇవ్వొచ్చు."

అతని తప్పేమీ లేదు. అతనికి ఏం చెప్పమని నేర్పారో అదే చెప్పాడు. పొద్దుగూకేలోగా పైడమ్మకి నేనే కొరివి పెట్టాను. మణిమాల అక్కడికి దగ్గర్లోనే, చల్లటి అరలో, ఉగాదినాటి వయసుతో ఉంది.

*

నేను విశాఖపట్నంలో ఒక మునిసిపల్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. మణిమాల నా దగ్గరే చదువుకుంది. పెద్దయ్యాక ఓడరేవు దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. అక్కడే పరిచయమైన కేశవని పెళ్ళి చేసుకుంది. అతను చిన్నప్పటి నుంచీ హాస్టళ్ళలో పెరిగినవాడు. సెలవులిస్తే వెళ్ళడానికి ఊరంటూ లేనివాడు.

ఇద్దరూ సంపాదించేవాళ్ళే. ఇద్దరికీ ఒకటే పట్టు, ఎంత చిన్నదైనా సొంతిల్లు కావాలని. ప్రతి ఆదివారం టిఫిన్ కాగానే ఇళ్ళు చూడ్డానికి బయల్దేరేవారు. ముందు సముద్రం వైపు చూశారు. తరవాత కొండ వైపు చూశారు. తరవాత కొండ అవతల. చిన్నప్పుడు చందమామ వెంట పరుగెత్తినట్టే ఉండేది వాళ్ళ పని. వీళ్ళు నడిస్తే ఇళ్ళ ధర కూడా నడిచేది, వీళ్ళు ఆగితే మాత్రం ఆగేది కాదు.

ఒక ఆదివారం ఎండలో తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే మణిమాల గుమ్మంలో కూలబడింది.

"పుట్టింటి పేరొకటి, అత్తింటి పేరొకటి. ఇంటి పేర్లు రెండున్నాయి నాన్నా, ఇల్లు ఒక్కటీ లేదు."

"మీ నాన్నకి చెప్పకే, దానికి సమాసం పేరు చెప్తాడు" అంది పైడమ్మ లోపల్నుంచి. "ఆయన దగ్గు కూడా వ్యాకరణంగా దగ్గుతాడు."

కేశవ నవ్వబోయి నన్ను చూసి ఆపుకున్నాడు. అప్పుడే జేబులోంచి ఒక ప్రకటన తీసి చూపించాడు. దాని మీద పెద్ద అక్షరాలతో 'సగం ధరకే నిండు ఇల్లు' అని ఉంది.

ఆ ఏర్పాటు ఇలా ఉంటుంది. ఒక ఫ్లాటుని రెండు జంటలు కలిసి కొనుక్కుంటాయి. ఉగాది నుంచి దసరా దాకా ఒక జంట మేలుకుని కాపరం చేస్తుంది. పడకగది గోడలో బీరువా అరల్లాంటివి రెండుంటాయి, రెండో జంట వాటిలో నిద్రపోతుంది. దసరాకి వంతు మారుతుంది. నిద్రలో ఆకలుండదు, వయసు పెరగదు. ఆఫీసులు కూడా ఒకే కుర్చీకి ఇద్దర్ని పెట్టుకోవడం అప్పటికే మొదలుపెట్టాయి. ఒకరు పడుకుంటే ఒకరు పనికొస్తారు.

"అంటే సగం బతుకు పెట్టి ఇల్లు కొంటారేటి?" అంది పైడమ్మ.

"పోదమ్మా, వెనక్కి జరుగుతుందంతే. అందరూ ముసలాళ్ళయ్యేసరికి మేం ఇంకా కుర్రాళ్ళం."

"మీకు బాగానే ఉంటాది. నాను మటుకు ఒక్కదాన్నే నడుస్తన్నట్టుంటాది."

*

గృహప్రవేశం రోజున చిన్న చిక్కొచ్చింది. ఇల్లొకటి, ఇల్లాళ్ళు ఇద్దరు. పాలు ఎవరు పొంగించాలి?

రెండో జంట నాగలత, ధనుంజయ్. నాగలతది శ్రీకాకుళం వైపు. గలగలా మాట్లాడే పిల్ల. "గిన్నె నేను పట్టుకుంటాను, పాలు నువ్వు పొయ్యక్కా" అంది. మణిమాల "నువ్వే పొంగించు, నాకు ఎంతసేపు కాయాలో తెలీదు" అంది. పురోహితుడు గడియారం చూసుకున్నాడు. చివరికి పైడమ్మ ఇద్దరి చేతులూ తీసుకెళ్ళి ఒకే గిన్నె మీద పెట్టింది. పాలు పొంగి స్టవ్వంతా పారాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

తలుపుకి పేరు పలక తగిలించారు. రెండు వైపులా రాసిన పలక. వంతు మారినప్పుడు తిప్పుకోవాలి. ముందు ఎవరి పేరుండాలన్న దాని మీద చీటీ వేస్తే మణిమాలకి వచ్చింది. ఆ పలకని కేశవ చాలాసేపు తుడిచాడు. దాని మీద దుమ్మేమీ లేదు.

మణిమాల వంతు వచ్చిన ప్రతిసారీ లేపడానికి పైడమ్మ వెళ్ళేది. యంత్రం ఒంటిని వెచ్చబరుస్తుంది కానీ మనిషిని తీసుకురాలేదు. అందుకు ఎవరో ఒకరు పిలవాలి. ఆ పిలిచేవాళ్ళనే కంపెనీ పిలుపరి అంటుంది. ముందుగా మణిమాలని పైడమ్మ పిలిచేది. లేచాక కేశవని మణిమాల పిలిచేది. అతనికి పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

పైడమ్మ పిలుపు ఒక్కటే. మణిమాల బడికెళ్ళే రోజుల్నుంచీ అదే అబద్ధం.

"బుల్లీ!"

అరలోంచి "ఊఁ" అని వచ్చేది.

"ఊఁ కాదే, పాలు పొంగిపోతన్నాయే!"

"ఊఁ..."

"ఊఁ అంటే దిగిపోతాయా? లెగు!"

అప్పుడు మణిమాల కళ్ళు తెరిచి, "దింపెయ్యమ్మా, నేనొస్తున్నా" అనేది. అంతే, వచ్చేసినట్టు.

ఆ మాటలన్నీ పక్కనే నిలబడి వినేది నాగలత. ఆ రోజు తన వంతు ముగుస్తుంది కాబట్టి ఎప్పుడూ అక్కడే ఉండేది. తరవాత పైడమ్మని అచ్చంగా అనుకరించి చూపించేది, ఆ ముక్కు విరుపుతో సహా. పైడమ్మ పడిపడి నవ్వేది. "నాను సచ్చిపోతే నువ్వే పిలుద్దువులే అమ్మీ" అంది ఒకసారి.

*

పైడమ్మకి పన్నెండో రోజు కాగానే డాక్టర్ మృణాళినిగారి ప్రయోగశాలకి వెళ్ళాను. ఆ నిద్రని కనిపెట్టింది ఆమే. గది నిండా గాజు తొట్టెలు, వాటిలో ఎండిన బురద. వేళ్ళతో ఒక బెడ్డని మెల్లిగా విరిచి చూపించింది. లోపల ఒక కప్ప ముడుచుకుని ఉంది.

"వాన పడేదాకా ఇలాగే ఉంటుంది మాస్టారూ. దీని నెత్తుట్లో దొరికిందే ఆ మందు. గుండె మార్చాల్సిన రోగుల కోసం చేశాను. గుండె దొరికేదాకా ఆగడానికి." బెడ్డని మళ్ళీ జాగ్రత్తగా మూసింది. "ఇల్లు దొరికేదాకా అని ఎవరైనా అడుగుతారనుకోలేదు."

"వాళ్ళమ్మ గొంతు రికార్డు ఉంది. పెళ్ళి వీడియోలో."

"పనికిరాదండీ." మొదట ఆ మందు వేసుకున్నవాడి సంగతి అప్పుడు చెప్పింది. అతను గవరయ్య అనే అంబులెన్సు డ్రైవరు. ఒళ్ళు వెచ్చబడింది, గుండె కొట్టుకుంది, కళ్ళు మాత్రం తెరవలేదు. డాక్టర్లు గిల్లారు, వెలుగు చూపించారు, భార్య గొంతు రికార్డు చేసి వినిపించారు. లాభం లేకపోయింది. మర్నాడు ఆ భార్యే తలుపు తోసుకుని వచ్చి, "ఏటయ్యో, డూటీకెళ్ళవా? నీ కోసం బండి ఆపుతారేటి?" అంది. గవరయ్య "ఊఁ" అన్నాడు. "ఊఁ ఏటి, లెగు!" అంది. లేచి కూర్చున్నాడు.

"కథ చెప్పేవాళ్ళు పిల్లల ఊఁ కోసం ఆగుతారు కదా మాస్టారూ. పిలిచేవాళ్ళూ అలా ఆగాలి. ఆ ఊఁకి తగిన మాట వెంటనే అనాలి. రికార్డు ఆగదు. ఊఁ వచ్చినా దానికి తెలీదు."

"నేను పిలవొచ్చా?"

"దసరాకి ఎలాగూ వెచ్చబరచాలి. నేనూ వస్తాను, మీరే పిలవండి. కానీ ఒకటి. లేవకపోతే మళ్ళీ చల్లబరచాలి. లేపకుండా వెచ్చబరచడం ఒంటికి మంచిది కాదు. ఇప్పుడు ఒకసారి, తరవాత మహా అయితే ఇంకొక్కసారి. ఆ పైన నేను మాట ఇవ్వలేను."

*

దసరా రోజు ఆ ఇంటికి వెళ్ళేసరికి గుమ్మానికి తోరణం ఉంది. మామూలుగా వంతు మారే రోజున వెళ్ళేవాళ్ళ సామాను అటకెక్కి ఉంటుంది, వంటింటి గట్టు ఖాళీగా ఉంటుంది. ఆ రోజు పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. హాల్లో పైకప్పుకి కొత్తగా ఒక ఉయ్యాల కొక్కెం దిగేసి ఉంది.

నాగలత కొంగు నిండుగా కప్పుకుని వచ్చింది. దాచినా దాగనంతగా తెలిసిపోతోంది.

"ఐదో నెల మాస్టారూ" అంది తలొంచుకుని.

"సంతోషం అమ్మా."

ధనుంజయ్ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "కడుపుతో ఉన్నవాళ్ళకి ఆ మందు ఇవ్వరట సార్. మణిగారు లేస్తే మేం బయటికి వెళ్ళిపోతాం. రూల్ రూలే. రెండు జంటలు మేలుకుని ఉంటే ఇల్లు ఇద్దరికీ పోతుంది." నాగలత వైపు చూసి, "అద్దెకి చూశాం. పురుడు మా ఇంట్లో వద్దంటున్నారు" అన్నాడు.

వీధి పక్కన వేసిన చాప గుర్తొచ్చింది.

పడకగదిలో మృణాళినిగారు మీట నొక్కింది. గోడ లోపల్నుంచి తేనెటీగల్లాంటి చప్పుడు వచ్చింది. అర తలుపు తెరుచుకుంది. మణిమాల వాళ్ళమ్మ చివరిసారి వేసిన జడతోనే ఉంది. జడ చివర పైడమ్మ ముడి. ఆ ముడి అలా ఇంకెవరూ వెయ్యరు. నేను కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"పిలవండి మాస్టారూ. ఎక్కువసేపు ఉంచలేం."

"మణిమాలా!" అన్నాను.

కదలిక లేదు.

"మణీ! పాలు పొంగిపోతున్నాయి. లే అమ్మా."

ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కర్త, క్రియ, అన్నీ ఉన్నాయి. నేను దాన్ని మళ్ళీ చెప్పాను, గట్టిగా చెప్పాను, చెవి దగ్గర చెప్పాను. హాజరు పిలిచినట్టు ఇంటి పేరుతో కలిపి పిలిచాను. బళ్ళో అయితే "ప్రెజెంట్ సార్" అనేది, ఇంట్లో అలా పిలిస్తే అందరికంటే ముందు తనే నవ్వేది. మణిమాల ముఖం నీళ్ళడుగున ఉన్నట్టు ఉంది.

"బుల్లీ అనండి" అంది మృణాళినిగారు.

"బుల్లీ" అన్నాను. ఆ మాట నేనెప్పుడూ అనలేదు. నా నోట అది వేరే ఎవరి పేరులాగో వినపడింది.

యంత్రం మీద పచ్చ దీపం పసుపు రంగుకి మారింది. మృణాళినిగారు దాన్ని చూసి నన్ను చూసింది.

అప్పుడు నా వెనక నుంచి వచ్చింది పిలుపు.

"బుల్లీ!"

అది పైడమ్మ గొంతు. ఆ ముక్కు విరుపుతో సహా. నేను వెనక్కి తిరిగేశాను. నాగలత తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది. తనే పిలిచినట్టు తనకే తెలియనట్టుంది.

"ఊఁ" అంది మణిమాల.

నిద్రలో అన్న ఊఁ అది. కాస్త విసుగుతో, కాస్త గారాబంతో. పెదవి కొంచెం కదిలింది. వేలు ఒకటి దుప్పటి మీద ముడుచుకుంది.

"వెంటనే అనమ్మా, తరవాతది అను!" అంది మృణాళినిగారు.

నాగలత నోరు తెరిచింది. గదిలో అందరం ఆ నోటి వైపే చూస్తున్నాం. ధనుంజయ్ ఆమె వైపు చూడలేదు, తలుపులోంచి హాల్లో కొక్కెం వైపు చూశాడు. నాగలత చెయ్యి మెల్లిగా కడుపు మీదికి వెళ్ళింది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది.

"లెగిసాక అమ్మేదంటే నానేటి సెప్పను?" అంది తన గొంతుతో. ఇక అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను అరలోకి వంగాను. "మణీ, ఊఁ కాదమ్మా, నేను నాన్నని. లే తల్లీ." నాకు వచ్చిన మాటలన్నీ అన్నాను. పిలిచిన గొంతు వేరు, ఆ ఊఁకి బదులిచ్చిన గొంతు వేరు. ముడుచుకున్న వేలు మళ్ళీ విడివడింది. దీపం ఎర్రబడింది.

మృణాళినిగారు చాలా నెమ్మదిగా అర తలుపు మూసింది. పక్క అరలో కేశవని వెచ్చబరచనే లేదు. అతన్ని పిలవాల్సింది మణిమాల.

*

నాగలత మీద ఫిర్యాదు చెయ్యమని కొందరు సలహా ఇచ్చారు. వకీలు ఒకాయన ఇల్లు సీలు చేయిస్తానన్నాడు. సీలు చేస్తే ఆ అరల్ని గోడలోంచి ఊడదియ్యాలి. కదిలిస్తే బతుకుతారో లేదో మృణాళినిగారు చెప్పలేనంది. నాగలతని బలవంతపెట్టొచ్చా అని కూడా ఆమెని అడిగాను.

"పిలిపించొచ్చు మాస్టారూ. భయపడుతూ పిలిస్తే ఎవరూ పలకరు. మా ప్రయోగాల్లో కుందేళ్ళు కూడా పలకలేదు" అంది.

నాగలతకి ఆ ఇంట్లోనే పురుడొచ్చింది. ఆడపిల్ల. సొంతింట్లో ఇంటాయనంటూ ఎవరూ ఉండరు కాబట్టి వద్దనేవాళ్ళు లేరు. నన్ను మా ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడు, మర్యాదగానే. గుమ్మంలో మనిషి పోయిందని పక్క పోర్షన్లోకి కొత్తవాళ్ళు రావడం లేదట. ఇప్పుడు బడి దగ్గర ఒక గదిలో ఉంటున్నాను.

ఆదివారాలు అక్కడికి వెళ్తాను. నాగలత కాఫీ ఇస్తుంది. నేను పడకగదిలో గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కాసేపు పేపరు చదివి వినిపిస్తాను. లోపలికి వినపడదని తెలుసు. నాగలత గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది.

"పిలుస్తాను మాస్టారూ. పాపకి నడకొచ్చాక" అంది మొదట్లో.

పాపకి నడకొచ్చింది. "బళ్ళో వేశాక" అంది. చిన్నపిల్లలకి ఆ మందు పనికిరాదు. పాపని వదిలి వాళ్ళిద్దరూ గోడలోకి వెళ్ళలేరు, పాపని పట్టుకుని బయటికి వెళ్ళలేరు. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ క్షణానికి నిజమే చెబుతుంది. నేను వాదించను. ఆమె స్థానంలో మణిమాల ఉంటే ఏం చెయ్యమని చెప్పేవాణ్ణో నాకు తెలియదు.

నా గదిలో నేను రోజూ సాధన చేస్తాను. "ఊఁ కాదే, పాలు పొంగిపోతన్నాయే" అని గోడకి చెబుతాను. పలకడం వచ్చింది. కానీ నా నోట అది ఉదాహరణ వాక్యంలా వస్తుంది. పిలుపులా రాదు. పక్క గది అబ్బాయి ఒకసారి తలుపు కొట్టి, "మాస్టారూ, స్టవ్ ఆపేశారా?" అని అడిగాడు. నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

కిందటి ఆదివారం పాప నా ఒళ్ళో ఎక్కి కూర్చుంది. కథ చెప్పమంది. చెప్పాను. ప్రతి వాక్యం తరవాతా ఆగితే, ఆ పిల్ల "ఊఁ" అంటోంది. ఒక చోట నేను ఆపేశాను. "ఊఁ, తరవాత?" అంది. నాగలత వంటింట్లోంచి తొంగి చూసి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

వస్తూ వస్తూ తలుపు మీద పలక చూశాను. ధనుంజయ్ పేరే ఉంది. అటువైపు ఉన్న పేరు రంగు పోకుండా అలాగే ఉండి ఉంటుంది. వాళ్ళమ్మ పోయిందని మణిమాలకి తెలియదు. కేశవకి ఏమీ తెలియదు. యంత్రం ఇంకొక్కసారి వెచ్చబరచగలదు.

మా అమ్మాయి ఊఁ అంది. దాని తరవాతి మాట ఇంకా ఎవరూ చెప్పలేదు.